వరంగల్ నుంచి పెద్ద సర్వీసుకు: ప్రీమియం కారు పని ఒక్క ట్రిప్పులో ముగించుకోవడం ఎలా

నా కారుకు మొదటి పెద్ద సర్వీసు పడ్డప్పుడు హైదరాబాద్‌కు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి కారు ఇవ్వడానికి. రెండోసారి, "పార్టు బయటి నుంచి రావాలి సార్" అన్నారు కాబట్టి ఆ పార్టు వేయించడానికి. మూడోసారి, నేను మొదట్నుంచీ చెబుతున్న చప్పుడు పోనే లేదని చూపించడానికి. హన్మకొండ నుంచి పోను రాను 300 కిలోమీటర్లు, దారిలో కొమళ్ల, గూడూరు టోల్‌గేట్లు, ఉప్పల్ ట్రాఫిక్. ఆ డీజిల్, ఆ టోల్, పోయిన మూడు పనిదినాలు లెక్కేస్తే ఒక కొత్త టైరు వచ్చేది.

అంతకుముందున్న చిన్న కారుకు ఈ బాధ లేదు. పొద్దున ఆఫీసుకు పోతూ ఊళ్లోనే వర్క్‌షాపులో వదిలి, సాయంత్రం తెచ్చుకునేవాణ్ణి. ఏదన్నా మిగిలితే మర్నాడు మళ్లీ పోయి అడిగేవాణ్ణి. జర్మన్ కారు కొన్నాక, దాని వర్క్‌షాపు హైదరాబాద్‌లో కాబట్టి, ఆ సౌకర్యం పోయింది. ఎదురుగా నిలబడి అడగాల్సిన మాటలన్నీ ఇంటి దగ్గర నుంచి బయల్దేరకముందే ఫోన్లో అడిగేయాలి. ఆ తర్వాతి సర్వీసులన్నీ నేను ఒక్క ట్రిప్పులో ముగించాను. ఎలాగో వరసగా చెబుతాను.

పెద్ద సర్వీసంటే ఏమిటి

చాలామంది "60 వేల సర్వీసు" అని ఒకే ప్యాకేజీ ఉంటుందనుకుంటారు. ప్రీమియం కార్లలో అట్లా ఉండదు. మెర్సిడెస్‌లో సర్వీస్ ఏ, సర్వీస్ బీ అని రెండు పేర్లుంటాయి. ఏ చిన్నది, బీ పెద్దది. ఆ సంవత్సరం పడాల్సిన అదనపు పనులు వాటికి తోడవుతాయి. బీఎండబ్ల్యూలో ఇంజిన్ ఆయిల్, ముందు బ్రేకులు, వెనక బ్రేకులు, బ్రేక్ ఫ్లూయిడ్, వాహన తనిఖీ, ఇట్లా ఒక్కోదానికి కారే వేరుగా లెక్క పెట్టుకుంటుంది. ఆడిలో ఆయిల్ మార్పు ఒక లెక్క, ఇన్‌స్పెక్షన్ ఇంకో లెక్క. ఇట్లా రెండు మూడు లెక్కలు ఒకే నెలలో కలిసొస్తే, దాన్నే మనం పెద్ద సర్వీసు అంటున్నాం. బిల్లు తడిసి మోపెడయ్యేది కూడా అప్పుడే.

గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కొన్ని పనులు కిలోమీటర్లను బట్టి పడతాయి, కొన్ని కాలాన్ని బట్టి. మన ఊళ్లో ప్రీమియం కార్లు పెద్దగా తిరగవు. సుబేదారిలో ఇల్లు, నక్కలగుట్టలో ఆసుపత్రి ఉన్న డాక్టరుగారి కారు ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లు దాటదు. "తిరగనే లేదు, సర్వీసు ఎందుకు?" అని రెండేళ్లు ఆపేస్తారు. కానీ బ్రేక్ ఫ్లూయిడ్‌కు మీరు తిరిగారా లేదా అన్నది పట్టదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. తేమ పెరిగేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఏదన్నా ఘాట్ దిగేటప్పుడు గట్టిగా బ్రేకులు వాడితే, లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే కిలోమీటర్లతో పని లేకుండా దాదాపు అన్ని కంపెనీలూ రెండేళ్లకోసారి మార్చమంటాయి. పెద్ద సర్వీసులో నేను ఎప్పుడూ బేరమాడని పని ఇదొక్కటే.

మొదటి పని: కారునే అడగండి

షోరూముకు ఫోన్ చేసేముందు కారులో కూర్చుని, తెర మీద సర్వీసు పేజీ తెరవండి. బీఎండబ్ల్యూలో వాహన స్థితి చూపే మెనూలో ప్రతి పని పక్కనా ఎప్పుడు పడుతుందో నెల, కిలోమీటర్లు ఉంటాయి. మెర్సిడెస్‌లో మీటరు మధ్యలోని సర్వీస్ మెనూ చూపిస్తుంది. ఆ పేజీ ఫొటో తీసుకోండి. పాత బిల్లులు ముందేసుకుని బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు, ఏసీ ఫిల్టర్ ఎప్పుడు, ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు, డీజిల్ అయితే ఫ్యూయల్ ఫిల్టర్ ఎప్పుడు, పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్‌లు ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. టర్బో పెట్రోల్ ఇంజిన్లు చాలావాటిలో ప్లగ్‌లు 60 వేల చుట్టుపక్కల మార్చాల్సి వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే పాత బిల్లులుండవు. విండ్‌షీల్డ్ కింద మూలలోనో, ఆర్‌సీ మీదో ఉండే 17 అక్షరాల చాసిస్ నంబరు చెప్పి, ఆ కంపెనీ సర్వీస్ సెంటరును హిస్టరీ అడగండి. ఇప్పుడు చాలా కంపెనీలు స్టాంపు పుస్తకం మానేసి రికార్డు కంప్యూటర్లోనే ఉంచుతున్నాయి. అదే నంబరుతో, రీకాల్ పనులు (తయారీ లోపానికి కంపెనీయే పిలిచి చేసే మరమ్మతులు) ఏమన్నా మిగిలి ఉన్నాయా అని కూడా అడగండి. రీకాల్ పని ఉచితం. సర్వీసుతో పాటే అయిపోతే ఇంకో ట్రిప్పు తప్పుతుంది.

రెండో పని: ఫోన్

ఫోన్ ఎత్తే కాల్ సెంటర్ మనిషితో మాట్లాడి లాభం లేదు. స్లాట్ ఇవ్వడం వరకే ఆయన పని. సర్వీస్ అడ్వైజర్‌తో మాట్లాడాలని అడిగి, ఆయన వాట్సాప్ నంబరు తీసుకుని, మీ ఫొటో, మీ కాగితం పంపండి. "నేను వరంగల్ నుంచి వస్తున్నాను, రెండోసారి రాలేను" అన్న మాట మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటకు చాలామంది అడ్వైజర్లు కొంచెం కదులుతారు.

తర్వాత ఎస్టిమేట్ రాతపూర్వకంగా అడగండి. పార్టులు ఒక వరసలో, లేబర్ ఇంకో వరసలో, పన్ను విడిగా ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు ఎక్కువ భాగం పార్టులకు 28 ఉండేది. అందుకే పాత బిల్లు పక్కన పెట్టుకుని పోల్చేటప్పుడు పన్నుకు ముందు ధరలే పోల్చండి. సర్వీస్ ప్యాకేజీ కొని ఉంటే ఏది అందులో వస్తుంది, ఏది రాదు అన్నది ఇప్పుడే తేల్చుకోండి. నూనె, ఫిల్టర్లు వచ్చే ప్యాకేజీలో బ్రేక్ ప్యాడ్లు రాకపోవచ్చు.

పార్టులు స్టాకులో ఉన్నాయా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. "ఉంటాయి సార్" అనే మాట మీద బయల్దేరకండి. నేను మొదటిసారి ఆ మాట నమ్మే పోయాను. బ్రేక్ ప్యాడ్లు, వాటి అరుగుదల చెప్పే సెన్సర్ వైరు, ఫిల్టర్లు, గేర్‌బాక్స్ ఆయిల్ చేయించేట్టయితే దాని ఆయిల్‌పాన్, మీ చాసిస్ నంబరు పేరు మీద తీసి పక్కన పెట్టామని మెసేజ్ వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. ఒకే మోడల్లోనే చాసిస్‌ను బట్టి ప్యాడ్లు వేరే సైజు ఉంటాయి. మోడల్ పేరు చెప్పి తెప్పిస్తే తప్పుడు పార్టు రావడం మామూలే.

తేదీ విషయంలో నా లెక్క: సోమవారం, శనివారం వద్దు. మంగళ, బుధవారాల్లో వర్క్‌షాపు కాస్త ఊపిరి పీలుస్తుంది. దసరాకు ముందు రెండు వారాలు, సంక్రాంతికి ముందు వారం అసలు వద్దు. అందరికీ ఊళ్లకు పోయేముందే కారు గుర్తొస్తుంది.

మూడో పని: ముందు రోజు ఇంటి దగ్గర

మీ కారులో చప్పుడుందా? పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే వస్తుందా, వేడెక్కాక వస్తుందా? చల్లగా ఉన్నప్పుడే వచ్చేదైతే, 150 కిలోమీటర్లు నడిచి వర్క్‌షాపు చేరేసరికి అది మాయమై ఉంటుంది. "మాకేం వినపడట్లేదు సార్" అంటారు, వాళ్ల తప్పు కూడా కాదు. ఇంటి దగ్గరే బానెట్ తెరిచి ఫోన్లో వీడియో తీసుకోండి. స్పీడ్ బ్రేకర్ మీద వచ్చే చప్పుడైతే పక్క సీట్లో ఎవరినన్నా కూర్చోబెట్టి రికార్డు చేయించండి. మా కాలనీ ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద మా అబ్బాయి తీసిన 11 సెకన్ల వీడియో, నేను పావుగంట చెప్పినదానికన్నా ఎక్కువ పని చేసింది.

డిక్కీ ఖాళీ చేయండి. వీల్ లాక్ (చక్రం దొంగిలించకుండా వేసే ప్రత్యేక బోల్టు) ఉన్న కారైతే దాన్ని విప్పే చిన్న అడాప్టర్ టూల్‌కిట్‌లో ఉందో లేదో చూడండి. అది లేకుండా చక్రం ఊడదు, ఊడదీయాలంటే బోల్టు పాడు చేయాలి. ఓడోమీటర్ ఫొటో, డీజిల్ ముల్లు ఫొటో, నాలుగు వైపులా బాడీ ఫొటోలు, చక్రాల రిమ్ముల ఫొటోలు. రిమ్ముల మీద గీతలు ముందే ఉన్నాయా, అక్కడ పడ్డాయా అన్న గొడవ తర్వాత ఎవరూ తేల్చలేరు.

బీఎస్-6 డీజిల్ అయితే ఆడ్‌బ్లూ (డీజిల్ పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) ఎంత ఉందో చూడండి. హెచ్చరిక వచ్చాక మిగిలిన కిలోమీటర్లు లెక్క తగ్గుతూ వస్తుంది, సున్నా అయితే ఒకసారి ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు. ఐఎస్‌ఓ 22241 అని డబ్బా మీద రాసి ఉన్నదే పోయాలి. పెట్రోల్ బంకులో కొని మనమే పోసుకుంటే సరిపోతుంది. దాని మూత నీలం రంగులో ఉంటుంది. డీజిల్ ట్యాంకులో మాత్రం పొరపాటున ఒక్క గ్లాసు కూడా పోయొద్దు. పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా టోయింగ్ పిలవడమే.

బానెట్ కింద ఒకసారి టార్చి వేసి చూడండి. మన దగ్గర పొలాల పక్కన వెంచర్లలో, వడ్ల గోదాముల దగ్గర పార్కు చేసే కార్లలో ఎలుకలు కాపురం పెడతాయి. ఇంజిన్ మీది ఫోమ్ కవర్ కింద వేరుశెనగ పొట్టు, కొరికిన వైరు కనపడితే ఫొటో తీసి అడ్వైజర్‌కు ముందే పంపండి. అది సర్వీసు కాదు, ఇన్సూరెన్స్ కథ. సర్వే మనిషి రావాలి, రోజులు పడుతుంది.

దారిలో

ఆరింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకు ఘట్‌కేసర్ దాటొచ్చు. వర్క్‌షాపు గచ్చిబౌలి, కొండాపూర్ వైపైతే అక్కడే ఔటర్ ఎక్కేయండి. ఊళ్లో వైపైతే ఉప్పల్ తప్పదు, నారపల్లి ఫ్లైఓవర్ పనుల దగ్గర ఎంతసేపు నిలబెడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

డీజిల్ వాళ్లకు ఈ ప్రయాణం ఒక విధంగా మందు. సైలెన్సర్‌లో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిరిగితే అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేంత వేడి రాదు. హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు నడిస్తే ఆ పని అయిపోతుంది. ఆ ఫిల్టర్ హెచ్చరిక వచ్చిన కార్లకు వర్క్‌షాపులో చేసే పని కూడా దాదాపు ఇదే, కంప్యూటర్ పెట్టి బలవంతంగా చేయిస్తారు, దానికి వేరే బిల్లు. జనగామ నుంచి ఆలేరు వరకు మీరే ఉచితంగా చేసేయొచ్చు.

నాలుగో పని: జాబ్ కార్డు

సర్వీసు బాగా జరిగిందా లేదా అన్నది లోపల స్పానర్ పట్టే మనిషి చేతిలో ఉందనుకుంటాం. అందులో సగం ఈ కాగితంలో ఉంటుంది. మెకానిక్ మిమ్మల్ని చూడడు, మీ మాట వినడు. ఆయనకు కనపడేది జాబ్ కార్డు మీద అడ్వైజర్ టైపు చేసిన రెండు ముక్కలే.

నా మూడు ట్రిప్పుల కథలో మొదటి కార్డు మీద ఉన్నది "సస్పెన్షన్ చెక్" అని. మెకానిక్ చెక్ చేశాడు. బాగానే ఉంది. ఆయన పని అయిపోయింది. మూడోసారి పోయినప్పుడు నేను దగ్గరుండి రాయించింది ఇది: "30 వేగంలో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, ముందు ఎడమ చక్రం దగ్గర, టక్ అని ఒకేసారి. ఎక్కేటప్పుడు రాదు. బ్రేకు నొక్కి ఉంచితే రాదు." అది చదివిన ఫోర్‌మన్ కారు లిఫ్టు కూడా ఎక్కించకముందే కంట్రోల్ ఆర్మ్ బుష్ (సస్పెన్షన్‌లో ఉండే రబ్బరు ముక్క) అన్నాడు. అదే.

కాబట్టి జబ్బు పేరు మీరు చెప్పకండి, లక్షణం చెప్పండి. ఎప్పుడు, ఎంత వేగంలో, ఏ వైపు, చల్లగానా వేడిగానా, ఏం చేస్తే ఆగుతుంది. డాక్టరు దగ్గరికి పోయి "నాకు గ్యాస్" అంటే గ్యాస్ మందే ఇస్తాడు. కుదిరితే అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పండి, లేదా ఆయన్ను నడపమని మీరు పక్కన కూర్చోండి.

సంతకం పెట్టేముందు నాలుగు మాటలు కార్డులోనే రాయించండి: ఎస్టిమేట్ దాటిన ఏ పనైనా నా ఒప్పుకోలు మెసేజ్ వచ్చాకే, తీసిన పాత పార్టులు డిక్కీలో పెట్టి ఇవ్వాలి, కారు ఇచ్చినప్పటి కిలోమీటర్లు, కారు తిరిగి ఇచ్చే సమయం.

అక్కడే కొన్ని అదనపు సేవలు అడుగుతారు. ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ఫోమ్ ట్రీట్‌మెంట్, టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్. అడ్వైజర్ మీద కోపం వద్దు, వాటికి ఆయనకు టార్గెట్ ఉంటుంది. నేను అడిగే ప్రశ్న ఒకటే: "మా కారు సర్వీస్ షెడ్యూల్లో ఇది ఉందా అన్నా, చూపించండి." ఉంటే చేయిస్తాను. ఉండదు. ఏసీలో నిజంగా ముక్కిపోయిన వాసన వస్తుంటే ఏసీ ట్రీట్‌మెంట్‌కు అర్థం ఉంది. వేళకు ఆయిల్ మార్చిన ఇంజిన్‌కు ఫ్లష్ ఎందుకో నాకిప్పటికీ ఎవరూ చెప్పలేదు.

లోపల ఏం జరుగుతుంది

ఆయిల్. ఇది చిక్కదనం ఒక్కటి చూసి పోసేది కాదు, కంపెనీ అనుమతి నంబరు ఉండాలి. మెర్సిడెస్ అయితే 229.52, 229.71 లాంటివి, బీఎండబ్ల్యూ అయితే లాంగ్‌లైఫ్-04 లాంటివి, ఆడి అయితే 504 00, 507 00, కొత్తవాటికి 508 00, 509 00. ఏది మీ ఇంజిన్‌ది అన్నది మాన్యువల్లో ఉంటుంది. పొగ ఫిల్టర్ ఉన్న డీజిల్‌లో బూడిద ఎక్కువ మిగిల్చే ఆయిల్ పోస్తే, ఆ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. చిక్కదనం 5డబ్ల్యూ-30 అని రాసున్న ప్రతి డబ్బా ఒకటి కాదనేది ఇందుకే. డ్రెయిన్ బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది పడాలి. బిల్లులో అది పదుల రూపాయల వరస, కనపడితే మంచి గుర్తు. కొన్నిచోట్ల కింద బోల్టు విప్పకుండా పై నుంచి గొట్టం పెట్టి పీల్చేస్తారు. చాలా మెర్సిడెస్ ఇంజిన్లకు అదీ మామూలు పద్ధతే, టెన్షన్ పడక్కర్లేదు.

వెనక బ్రేకులు. ఈ కార్లలో హ్యాండ్‌బ్రేక్ మోటారుతో పని చేస్తుంది. ప్యాడ్లు మార్చేముందు కంప్యూటర్ ద్వారా ఆ మోటారును సర్వీస్ మోడ్‌లో పెట్టి వెనక్కి లాగాలి. అది చేయకుండా స్క్రూడ్రైవర్‌తో నెట్టితే మోటారే పోతుంది. మన ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, పనితనం గొప్పది. ఆయనే అన్నాడు, "అన్నా, ప్యాడ్లు నేను ఏస్త, కానీ నా తాన ఆ మిషన్ లేదు. నీ కారు మీద నేర్చుకోను." ఆ మాటకే ఆయన మీద గౌరవం పెరిగింది.

గేర్‌బాక్స్ ఆయిల్. దీని మీద గందరగోళం ఎక్కువ. కొన్ని కంపెనీలు "జీవితకాలం" అంటాయి. బీఎండబ్ల్యూ సహా చాలా కార్లలో ఉండే 8 గేర్ల ఆటోమేటిక్ తయారుచేసే జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు మార్చుకోవడం మంచిదంటుంది. ఆడి, ఫోక్స్‌వాగన్‌ల తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండేది) ఉన్న డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి 60,000 దగ్గర మార్చమని షెడ్యూల్లోనే ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, నాలుగేళ్లకు కారు అమ్మేసే మనిషైతే వదిలేయొచ్చు. పదేళ్లు ఉంచుకునే మనిషైతే గేర్‌బాక్స్ తయారుచేసిన వాడి మాట వినాలి. ఈ పని సరిగ్గా జరగాలంటే ఆయిల్‌ను నిర్ణీత ఉష్ణోగ్రతకు తెచ్చి, ఆ వేడిలోనే మట్టం చూడాలి. కాబట్టి గంటలో అయ్యే పని కాదు. గంటలో చేస్తామన్న చోట చేయించకండి.

బ్యాటరీ గురించి ఒక ముక్క. కొత్తది వేస్తే దాన్ని కారు కంప్యూటర్లో నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకుని చార్జింగ్ చేస్తూ కొత్తదాని ఆయుష్షు తినేస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తామంటే చేయించుకోండి, సీటు, అద్దం సెట్టింగులు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు.

ఏసీ ఫిల్టర్ తీశాక చూపించమని అడగండి. నాది నవంబర్‌లో తీసినప్పుడు, ముడతల మధ్య వడ్ల పొట్టు, దాని మీద తెల్లటి పత్తి పోగులు సన్నటి దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. హైదరాబాద్ మెకానిక్ పిల్లాడు వేలితో ఆ పోగు లాగి, "ఇదేంది సార్, దిండు చింపిన్రా?" అన్నాడు. ఎనుమాముల పత్తి మార్కెట్ దారిలో ట్రాక్టర్ల వెనక రెండు నెలలు నడిచిన కారు అది. రోడ్డు మీద వడ్లు ఆరబోసే కాలం కూడా తోడైతే, షెడ్యూల్లో రాసిన గడువు మన ప్రాంతానికి సరిపోదు. మేడారం జాతరకు పోయొచ్చిన కారైతే ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడాల్సిందే.

మధ్యాహ్నం వచ్చే ఫోన్

కారు లిఫ్టు ఎక్కిన రెండు మూడు గంటలకు ఫోన్ వస్తుంది. "సార్, ఇంకో మూడు పనులు వచ్చాయి." ఇక్కడే చాలామంది కంగారులో "సరే చేసేయండి" అంటారు. వీడియో పంపమనండి, కొలత అడగండి.

నాకు వచ్చిన ఫోన్ ఇట్లా నడిచింది. ముందు చక్రాల ప్యాడ్లతో పాటు అవి నొక్కే ఇనప డిస్కులు కూడా మార్చాలన్నారు, జత ధర విని నోట మాట రాలేదు. "మందం ఎంతుంది?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత కొలిచి 23.4 మిల్లీమీటర్లు అన్నారు. నా డిస్కు కొత్తలో 24, దాని అంచు మీద చెక్కి ఉన్న కనీస మందం 22.4. అంటే 60 వేల కిలోమీటర్లకు, ఒక సెట్టు ప్యాడ్లకు, అరిగింది 0.6. ఇంకా 1 మిల్లీమీటరు ఉంది. ఇంకో సెట్టు ప్యాడ్లకు హాయిగా సరిపోతుంది. వద్దన్నాను. అడ్వైజర్ కూడా మారు మాట్లాడలేదు. అదే 22.8 ఉండుంటే నేనే మార్చమనేవాణ్ణి, ఎందుకంటే కొత్త ప్యాడ్లు సగం అరగకముందే డిస్కు హద్దు దాటేది, మళ్లీ 150 కిలోమీటర్లు పోవాల్సొచ్చేది.

ప్రతి అదనపు పనికీ ఇదే తూకం వేయండి. ఇవ్వాళ చేయకపోతే ప్రమాదమా? ఐతే చేయించండి. ఇంకో ఆరు నెలలు ఆగేదా? ఐతే మళ్లీ ఇంత దూరం రావడం కన్నా ఇప్పుడే చౌకా అని లెక్కేయండి. ఎస్టిమేట్ 68 వేలు వచ్చిన నా బిల్లు 54 వేల దగ్గర ఆగడానికి కారణం ఈ ఫోన్లో అడిగిన రెండు కొలతలు, పొద్దున వద్దన్న రెండు సేవలు. మీ కారుది వేరే లెక్క ఉంటుంది, కానీ అడిగే తీరు ఒకటే.

పెద్ద సర్వీసు ఒక్క రోజులో అయితే అదృష్టమే. సాయంత్రానికి కాదని తేలితే హోటల్ ఖర్చుకన్నా సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలో, ఉప్పల్ నుంచి బస్సో ఎక్కి వచ్చేయడం నయం. కారు తెచ్చుకోవడానికి తిరిగి పోవడం ఒక ట్రిప్పే, కానీ టోలూ డీజిలూ ఒకవైపే.

ఐదో పని: తాళాలు తీసుకునేముందు

ఆరింటికి కౌంటర్ మూసేస్తామని తొందర పెడతారు. మీరు మాత్రం తాపీగా ఉండండి. జాబ్ కార్డు ఒక చేత్తో, బిల్లు ఒక చేత్తో పట్టుకుని వరసగా టిక్కు పెట్టుకోండి. ఇంజిన్‌కు పట్టేది 5.2 లీటర్లైతే బిల్లులో 7 ఎందుకుందో అడగండి. చక్రాల అలైన్‌మెంట్ చేశామంటే ముందు, తర్వాత కొలతల ప్రింటు అడగండి, ప్రింటు లేని అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టకండి. పాత ప్యాడ్లు, ఫిల్టర్లు డిక్కీలో ఉండాలి. వీల్ లాక్ అడాప్టర్ వెనక్కి వచ్చిందా చూడండి, ఇది మర్చిపోయి వచ్చాక పంక్చరైతే నడిరోడ్డు మీద ఏడవాలి. తెర మీద బ్రేక్ ఫ్లూయిడ్, ఆయిల్ లెక్కలు కొత్తగా మొదలయ్యాయా, డిజిటల్ రికార్డులో ఈ సర్వీసు ఎక్కిందా అన్నది అడ్వైజర్‌తోనే చూపించుకోండి.

ఓడోమీటర్ కూడా. ఒకసారి నేను ఇచ్చినప్పటికీ తీసుకున్నప్పటికీ 41 కిలోమీటర్ల తేడా వచ్చింది. టెస్ట్ డ్రైవ్ అన్నారు. చప్పుడు వెతకడానికి అయిదారు కిలోమీటర్లు తిరిగితే అర్థముంది, 41 ఏం టెస్టు? ఫొటో చూపిస్తే మేనేజర్ వచ్చి లేబర్‌లో కొంత తగ్గించాడు. ఎక్కడికి పోయారో మాత్రం చెప్పలేదు.

డబ్బు కట్టాక నేరుగా వరంగల్ రోడ్డు పట్టకండి. అదే చుట్టుపక్కల పది కిలోమీటర్లు తిప్పండి. స్టీరింగ్ నిటారుగా ఉందా, బ్రేకు నొక్కితే ఒక పక్కకు లాగుతుందా, మీరు రాయించిన చప్పుడు పోయిందా. ఏదన్నా ఉంటే వర్క్‌షాపు పావుగంట దూరంలోనే ఉంది. కొత్త ప్యాడ్లు వేస్తే మొదటి 200, 300 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు కొట్టొద్దు, అవి డిస్కుకు సర్దుకోవాలి. ఆ లెక్కలో సగం ఇంటికొచ్చే దారిలోనే అయిపోతుంది. మొదట కొంచెం కాలిన వాసన వస్తే కంగారు లేదు.

ఇంటికొచ్చాక ఒక వారం

మర్నాడు పొద్దున కారు కింద పార్కింగ్ టైల్స్ మీద ఒక పాత పేపరు పరచండి. నూనె చుక్క పడితే దాని మీద తెలిసిపోతుంది. నీళ్ల చుక్కలు ఏసీవి, పట్టించుకోకండి. చాలా కార్లలో ఇప్పుడు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లేదు. ఇంజిన్ వేడెక్కాక చదునైన చోట ఆపి, తెర మీద ఆయిల్ మట్టం కొలిపించండి. చక్రం బోల్టులు టార్క్ రెంచ్ (బోల్టును కొలిచి బిగించే స్పానర్) ఉన్న టైర్ షాపులో ఒకసారి చూపించండి, కారును బట్టి 120 నుంచి 150 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంది. గాలి గన్నుతో బిగించమని మాత్రం చెప్పకండి.

వారంటీ గానీ సర్వీస్ ప్యాకేజీ గానీ ఉన్నన్నాళ్లు కంపెనీ సెంటరుకే పోతాను. అవి అయిపోయాక ఏసీ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, టైర్లు, ఆడ్‌బ్లూ మన ఊళ్లోనే చేయించుకోవచ్చు. కంప్యూటర్ కావాల్సిన పనికి హైదరాబాద్‌లో ప్రీమియం కార్లు మాత్రమే చూసే బయటి గ్యారేజీలు ఉన్నాయి, లేబర్ తక్కువ. పోయేముందు మీ కారు కంపెనీకి పనికొచ్చే స్కానర్, టార్క్ రెంచ్, సీలు ఉన్న ఆయిల్ డబ్బా ఈ మూడూ చూపించమని అడగండి.

నా కారు గ్లవ్‌బాక్స్‌లో ఇప్పుడొక తెల్లకాగితం ఉంటుంది. ఎడమ పక్క పనులు, కుడి పక్క నెల, కిలోమీటర్లు. బ్రేక్ ఫ్లూయిడ్ ఎదురుగా వచ్చే గడువు రాసుంది. దాని కింద పెన్సిల్‌తో డిస్కు మందం 23.4.